అవ్వ ట్రంకుపెట్టెలో దొరికిన క్రిస్మస్ సామాను: పాత బొమ్మలకు రంగు వేయాలా, వద్దా?

మిట్టూరు పిల్ల:

అన్నలూ అక్కలూ, కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. మాది చిత్తూరు మిట్టూరు. పెళ్లయ్యాక తిరుపతి కొర్లగుంటలో అద్దెకు ఉంటున్నాం, రెండేళ్ల పాప ఉంది. మొన్న మార్చిలో మా అవ్వ ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఎవరికి ఏది అని మాటలు నడుస్తుంటే నేను అటక మీద ఆకుపచ్చ ట్రంకుపెట్టె ఒక్కటే అడిగాను. అవ్వ ఏటా డిసెంబరు మొదటి వారంలో దింపే క్రిస్మస్ సామానంతా అందులోనే ఉంటుందని నాకు తెలుసు.

నిన్న తెరిచి చూశాను. పాత చీర ముక్కల్లో చుట్టిన గాజు బంతులు పదకొండు ఉన్నాయి. అవ్వ మదనపల్లెలో మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసేటప్పుడు, ఉద్యోగం ముగించుకుని తన దేశం వెళ్లిపోతున్న డాక్టరమ్మ ఇచ్చిందట. యేసు పుట్టిన పశువుల పాక బొమ్మలు కూడా ఉన్నాయి, ప్లాస్టర్‌తో చేసినవి. మరియమ్మ ముసుగు నీలం రంగు సగం వెలిసిపోయింది, ఎద్దుకు ఒక కొమ్ము విరిగింది, యేసుకు కానుకలు తెచ్చిన జ్ఞానులు ఇద్దరే ఉన్నారు, మూడోవాడు ఎప్పుడు పోయాడో తెలీదు. వెదురు దబ్బల స్టార్ ఉంది గానీ కాగితమంతా చిరిగిపోయింది. ప్లాస్టిక్ పూల తొడుగులున్న సీరియల్ సెట్టు, వెండి రంగు మెరుపు తోరణం కూడా ఉన్నాయి.

మా ఆయన పదిహేను వందలకు చెట్టుతో సహా కొత్త సెట్టు ఆన్‌లైన్‌లో వస్తుంది, ఇవి మెల్లగా చూసుకుందాం అంటున్నాడు. నాకేమో ఈ ఏడాది మా ఇల్లు అవ్వ ఇల్లులా ఉండాలని ఉంది, ఆమె లేకుండా వచ్చే మొదటి క్రిస్మస్ ఇది. చేతిలో ఉన్నది రెండు వేలు. బొమ్మలకు ఎనామిల్ రంగు వేయించమంటారా? మూడో జ్ఞాని కోసం ఎక్కడ వెతకాలి? ఆ లైట్లు పెట్టొచ్చా? తిరుపతిలోగానీ చిత్తూరులోగానీ పాత సామాను చవగ్గా ఎక్కడ దొరుకుతుందో కూడా చెప్పండి.

రేణిగుంట కుర్రోడు:

అక్కా, రంగులన్నీ ఒక్కోటీ కలుపుకుంటూ కూర్చునే బదులు అన్ని బొమ్మలకూ గోల్డ్ స్ప్రే కొట్టెయ్యి, విరిగినవీ వెలిసినవీ ఏవీ కనపడవు, మా చర్చిలో అలాగే చేశాం, లైటు పడితే చాలా బాగుంటుంది. డబ్బా ఒకటి కొంటే సరిపోతుంది. లైట్ల కోసం దీపావళి తర్వాత గాంధీ రోడ్డులో తిరిగి చూడు, మిగిలిపోయినవి తగ్గించి ఇస్తారు, ధర కాస్త గట్టిగా అడగాలి.

పాతపెట్టె:

తమ్ముడూ, నువ్వు మంచి మనసుతోనే చెప్పావు, కానీ అమ్మాయీ, ఆ పని మాత్రం చేయొద్దు. నేను చిత్తూరులో ఉంటాను, ముప్పై ఏళ్లుగా ఇలాంటి సామాను పోగుచేసేవాణ్ణి, బాగుచేయాలని పోయి పాడుచేసిన బొమ్మలు ఎన్నో చూశాను. ప్లాస్టర్ బొమ్మకు ఎనామిల్ వేస్తే కళ్లు, పెదాలు, చీర మడతలు అన్నీ ఆ మందపాటి రంగులో పూడిపోతాయి, మళ్లీ తీయలేం. మీ అవ్వ అరవై డిసెంబర్లు చేత్తో పట్టుకుంటే వెలిసిన నీలం అది. అది అలాగే ఉండాలి.

తడిగుడ్డ కూడా పెట్టొద్దు, పాత ప్లాస్టర్ బొమ్మల మీద చాలావరకు నీళ్లకు కరిగే రంగే ఉంటుంది. ముఖానికి పౌడర్ వేసుకునే మెత్తటి బ్రష్షు కొత్తది ఒకటి కొని దుమ్ము దులుపు, అంతే. ఎద్దు కొమ్ము ముక్క దొరికితే ఫెవికాల్‌తో అతికించు. దొరక్కపోతే సుద్దపొడి ఫెవికాల్‌లో ముద్దగా కలిపి కొమ్ములా చేసి ఆరనిచ్చి, ఆ ఒక్క చోట మాత్రం వాటర్ కలర్ పుయ్యి.

గాజు బంతుల విషయం ఇంకా జాగ్రత్త. వాటి వెండి మెరుపు గాజు లోపలి వైపు ఉంటుంది, పైన రంగు పూత ఉంటుంది, తడి తగిలితే ఆ పూత లేచిపోతుంది. పైనున్న రేకు టోపీ మెల్లగా తీసి దాని మీద అక్షరాలేమైనా ఉన్నాయేమో చూసి చెప్పు. ఇలాంటి బంతులు మొదట పుట్టింది జర్మనీలోని లౌషా అనే ఊళ్లో, అక్కడి గాజు ఊదేవాళ్ల పని. 1880లో వుల్‌వర్త్ అనే వ్యాపారి అమెరికాలో తన కొట్లలో అమ్మడం మొదలుపెట్టాక అక్కడ ఇంటింటికీ వెళ్లాయి. మన పాత చిత్తూరు జిల్లాకు అమెరికా, జర్మనీ వాళ్లతో సంబంధం ఎప్పటిదో, చిత్తూరు మదనపల్లె వైపు అమెరికన్ ఆర్కాట్ మిషన్ వాళ్లు, తిరుపతి శ్రీకాళహస్తి వైపు హెర్మన్స్‌బర్గ్ నుంచి వచ్చిన జర్మన్ లూథరన్ మిషనరీలు. అందుకే ఇక్కడి పాత క్రైస్తవ ఇళ్ల అటకల మీద ఇలాంటివి అప్పుడప్పుడూ బయటపడతాయి.

ఇంకొకటి, ఇది మాత్రం మర్చిపోవద్దు. ఆ వెండి తోరణం చేతిలో బరువుగా ఉందా, మడిస్తే మడిచినట్టే ఉండిపోతుందా చూడు. పూర్వం సీసం రేకుతో చేసేవాళ్లు, పిల్లలకు ప్రమాదమని అమెరికాలో 1972 నుంచి ఆపేశారు. రెండేళ్ల పాప ఉంది కదా, ఏ మాత్రం అనుమానం వచ్చినా కవరులో కట్టి పక్కన పెట్టెయ్యి.

వైరింగ్ మేస్త్రి:

పాత సీరియల్ సెట్టు ప్లగ్గులో పెట్టొద్దమ్మా. మన లైను 230 వోల్టులు. ఆ చిన్న బల్బు ఆరు వోల్టులదైతే నలభై దాకా ఒకదాని వెనక ఒకటి కలిపితేనే తట్టుకుంటాయి. ఒకటి పోతే వరసంతా ఆరిపోతుంది. అప్పుడు మనవాళ్లేం చేస్తారంటే పోయిన బల్బు తీసేసి వైరు వైరు కలిపేస్తారు, ఇలా ఐదారు తీసేసరికి మిగిలిన వాటి మీద వోల్టేజీ పెరిగి వేడెక్కిపోతాయి. పైగా ఏళ్ల తరబడి అటక మీద ఉన్న వైరు తొడుగు గట్టిపడి చిట్లి ఉంటుంది. కాగితం స్టార్ లోపల ఇలాంటిది పెడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

కానీ ఆ ప్లాస్టిక్ పూల తొడుగులు పారేయొద్దు. అవి బల్బు మీద నుంచి ఊడి వస్తాయి. కొత్త ఎల్‌ఈడీ సెట్టు కొని, వామ్ వైట్ అని అడుగు, అంటే పసుపు ఛాయ ఉన్నది, మరీ తెల్లది వద్దు, దాని మీద ఆ తొడుగులు తొడుగు. వదులుగా ఉంటే దారం ఒక చుట్టు చుడితే నిలబడతాయి. చూడటానికి మీ అవ్వ లైట్లే, వెలిగేది మాత్రం కొత్త వైరు. స్టార్ లోపలికి 3 వాట్ల ఎల్‌ఈడీ బల్బు చాలు, పెద్దగా వేడి ఉండదు.

పలమనేరు అక్క:

చెల్లీ, నీ పోస్టు చదివి నాకు మా అమ్మ గుర్తొచ్చింది. మూడో జ్ఞాని గురించి టెన్షన్ పడొద్దు. మత్తయి సువార్త తీసి చూడు, జ్ఞానులు ఎంతమంది వచ్చారో ఎక్కడా లెక్క లేదు, బంగారం, సాంబ్రాణి, బోళం అని కానుకలు మూడు ఉన్నాయి కాబట్టి ముగ్గురు అనుకుంటూ వచ్చాం. ఇద్దరితో పెట్టినా తప్పు లేదు. లేదు, ముగ్గురు ఉండాల్సిందే అంటే కొత్త ప్లాస్టర్ బొమ్మ కొనకు, పాత వాటి పక్కన నిగనిగలాడుతూ వేరుగా కనిపిస్తుంది. మాకు పోయిన గొర్రెలకు బదులు పలమనేరులో మట్టి బొమ్మలు చేసే ఆయన దగ్గర చేయించుకున్నాం, రంగు వేయకుండా కాల్చిన మట్టి రంగులోనే ఉంచాం, ప్లాస్టర్ బొమ్మల పక్కన చక్కగా కలిసిపోయాయి. అసలు మొట్టమొదట 1223లో అస్సీసీ ఫ్రాన్సిస్ అనే సన్యాసి ఇటలీలోని గ్రేచోలో పశువుల పాక పెట్టినప్పుడు ఆ ఊళ్లో దొరికిన ఎద్దును, గాడిదనే తెచ్చి నిలబెట్టాడు. మనం మన ఊరి మట్టి ఎద్దును పెట్టుకుంటే అంతకంటే ఏం కావాలి.

పాక పెట్టడానికి బల్ల కొనొద్దు. దసరా అయిపోయింది కాబట్టి చుట్టుపక్కల బొమ్మల కొలువు పెట్టే ఇళ్లలో మెట్లు ఖాళీగా ఉంటాయి, అడిగితే ఇస్తారు. మూడు మెట్లు చాలు, పైన స్టార్, మధ్యలో జ్ఞానులు, గొర్రెల కాపరి, కింద పాక. మెట్ల మీద పరచడానికి శ్రీకాళహస్తి వెళ్లినప్పుడు కలంకారీ ముక్కలు అడుగు, చీరలకు కత్తిరించాక మిగిలినవి చవగ్గా ఇస్తారు. ఆ ఎరుపు, నలుపు, కరక్కాయ పసుపు ముందు ఆ వెలిసిన నీలం ఎంత బాగుంటుందో పెట్టి చూస్తే నీకే తెలుస్తుంది.

ఆగమన కాలపు, అంటే క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాల కొవ్వొత్తుల చక్రం పెట్టాలనుకుంటే గుజిరీ కొట్లో పాత సైకిల్ రిమ్ము తూకానికి అడుగు, నాకు డెబ్బై రూపాయలకు వచ్చింది. చవక కోసం ఏదో ఒకటి అని చెప్పడం లేదు, దీనికి పెద్ద చరిత్రే ఉంది. 1839లో హాంబుర్గ్‌లో వీహెర్న్ అనే లూథరన్ పాస్టరు తన దగ్గరున్న పేద పిల్లలు క్రిస్మస్ ఎప్పుడొస్తుందని రోజూ అడుగుతుంటే పాత బండి చక్రం మీద కొవ్వొత్తులు పెట్టి లెక్కపెట్టించాడు, ఆదివారాలకు పెద్దవి నాలుగు, మామూలు రోజులకు చిన్నవి. చక్రం పాతదే అయ్యుండాలి అని నా పట్టుదల అందుకే. రిమ్ము తుప్పు గీకి కొబ్బరి నూనె రుద్దు, ఇంట్లో ఉన్న ఇత్తడి కుందులు నాలుగు పెట్టు, చుట్టూ సరుగుడు రెమ్మలు.

సరుగుడు కొమ్మే చెట్టుగా పెట్టు చెల్లీ, ప్లాస్టిక్ చెట్టు వద్దు. పాత నూనె డబ్బాలో తడి ఇసుక నింపి నాటితే వారం పది రోజులు పచ్చగా ఉంటుంది, రోజూ చెంబుడు నీళ్లు పోయాలి. సన్నటి కొమ్మలు కాబట్టి గాజు బంతులు లావు రెమ్మలకే, ఆ రెమ్మల మొదలు దగ్గర కట్టు, పాపకు అందనంత ఎత్తులో.

మిట్టూరు పిల్ల:

మీ అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలీడం లేదు. రాత్రి మా ఆయనకు మొత్తం చదివి వినిపించాను, కొత్త సెట్టు వద్దులే అన్నాడు. తోరణం బరువుగానే ఉంది, మడిస్తే అలాగే ఉండిపోయింది, కవరులో కట్టి అటక మీద పెట్టేశాం. పాతపెట్టె అన్నా, రెండు బంతుల టోపీ మీద వెస్ట్ జర్మనీ అని ఇంగ్లీషులో ఉంది. అంటే లౌషావేనా? స్టార్‌కు ఏ కాగితం వేయమంటారు?

పాతపెట్టె:

లౌషావి కావమ్మా, కానీ వాటి కథ కూడా అక్కడిదే కావచ్చు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత లౌషా తూర్పు జర్మనీలోకి పోయింది. చాలామంది గాజు పనివాళ్లు సరిహద్దు దాటి పశ్చిమ జర్మనీలో కోబుర్గ్ దగ్గర నోయ్‌స్టాట్‌లో స్థిరపడి అక్కడ మళ్లీ కొలిమి పెట్టుకున్నారు. వెస్ట్ జర్మనీ అనే ముద్ర 1949కి, 1990కి మధ్య వాటి మీదే ఉంటుంది. డాక్టరమ్మ ఏ ఏడాది వెళ్లిందో మీ మామలను అడుగు, ఇంకా దగ్గరగా తెలుస్తుంది. తెలిసింది ఒక చీటీ మీద రాసి పెట్టెలోనే పెట్టు, మీ పాప చదువుకుంటుంది.

స్టార్‌కు ముందు దబ్బలు చూడు, పురుగు పట్టి పొడి రాలుతుంటే ఆ ఒక్క దబ్బ మేదర వాళ్ల దగ్గర కొత్తది చీల్పించుకో. కాగితం గాజు కాగితమే, ఎరుపు, పసుపు. మైదా జిగురు కాచేటప్పుడు చిటికెడు మైలుతుత్తం వేస్తే బొద్దింకలు కొరకవు, కానీ అది విషం, పాపను దగ్గరికి రానీకు, గిన్నె మళ్లీ వంటకు వాడకు. క్రిస్మస్ అయ్యాక బంతులు న్యూస్‌పేపర్లో చుట్టొద్దు, సిరా అంటుతుంది. కోడిగుడ్ల అట్టల్లో నూలు గుడ్డ వేసి ఒక్కోటి పెట్టు.

మిట్టూరు పిల్ల:

డిసెంబరు 14, చెప్పినట్టే చేశాను. మామ ఫోన్లో చెప్పాడు, డాక్టరమ్మ వెళ్లింది 1968లో, మా అమ్మ అవ్వ కడుపులో ఉన్నప్పుడట. చీటీ రాసి పెట్టెలో పెట్టాను. సామానంతా కలిపి 1,340 రూపాయలయ్యింది, అందులో ఎక్కువ ఎల్‌ఈడీ సెట్టుకే. పూల తొడుగులు ముప్పై రెండు బాగున్నాయి, మిగతావి పగిలాయి. చక్రం మీద మూడో కొవ్వొత్తి ఈ రోజే వెలిగించాం.

కొలువు మెట్లు కింది ఇంటి పిన్నిగారు ఇచ్చారు. మెట్లు పైకి తెచ్చి పెట్టేటప్పుడు బొమ్మలు చూసి, ఇద్దరే ఉన్నారేమమ్మా అని అడిగారు. విషయం చెప్పాను. కిందికి వెళ్లి వాళ్ల కొలువులోని శెట్టిగారి బొమ్మ పట్టుకొచ్చారు, ఎప్పుడూ పప్పులు, బెల్లం ముందు పెట్టుకుని అంగడిలో కూర్చునే ఆ చెక్కబొమ్మ, వాళ్ల అత్తగారి కాలం నాటిదట. ఈయన కూడా సరుకు మోసుకుని దూరం నుంచి వచ్చినవాడేగా, క్రిస్మస్ అయ్యేదాకా ఇక్కడ ఉంచు అన్నారు. ఇద్దరు జ్ఞానుల పక్కన కూర్చోబెట్టాను, ఎత్తు సరిగ్గా సరిపోయింది. చేతిలో చిటికెడు సాంబ్రాణి ఉన్న చిన్న గిన్నె పెట్టాను. శనివారం క్యారల్స్ వాళ్లు వస్తారు, పిన్నిగారిని కూడా పైకి రమ్మన్నాను.