వైరస్ పోయింది, టాస్క్ మేనేజర్ మాత్రం తెరుచుకోవట్లేదు: రిజిస్ట్రీలో ఏం సరిచేయాలి?

ప్రశ్న (చింతచిగురు)
విండోస్ 10, 64 బిట్. పెన్‌డ్రైవ్‌లోంచి వచ్చిన వైరస్‌ని డిఫెండర్ తీసేసింది. మళ్లీ ఫుల్ స్కాన్ చేస్తే ఏమీ లేదంటోంది. కానీ లాగిన్ అవ్వగానే యాప్‌డేటాలో ఏదో వీబీఎస్ స్క్రిప్టు దొరకలేదని బాక్సు వస్తోంది. టాస్క్ మేనేజర్, రెజ్‌ఎడిట్ (విండోస్ సెట్టింగులు ఉండే రిజిస్ట్రీని మార్చే టూల్) తెరవబోతే అడ్మినిస్ట్రేటర్ ఆపేశారట. ఈ సిస్టమ్‌కి అడ్మిన్‌ని నేనే! హిడెన్ ఫైల్స్ చూపించమని ఎన్నిసార్లు పెట్టినా మళ్లీ మొదటికే. రిజిస్ట్రీ క్లీనర్ వేస్తే సరిపోతుందా, ఫార్మాట్ కొట్టాల్సిందేనా?

జవాబు (బైట్ బావ)
ఫార్మాట్ దాకా అక్కర్లేదు. క్లీనర్ జోలికైతే అసలు వెళ్లకండి. అది వెతికేది దిక్కులేకుండా మిగిలిన ఎంట్రీల కోసం. మిమ్మల్ని ఆపుతున్నవి ఆఫీసు సిస్టమ్‌లలో అడ్మిన్లు పెట్టే పాలసీలే, కాబట్టి వాటిలో దానికి తప్పేమీ కనిపించదు.

పవర్‌షెల్‌ని (కమాండ్లు టైపు చేసే విండో) రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్‌తో తెరవండి. రెజ్‌ఎడిట్‌ని ఆపిన పాలసీ రెజ్ కమాండ్‌నీ ఆపుతుంది, పవర్‌షెల్‌ని ఆపదు. హెచ్‌కీ కరెంట్ యూజర్ కింద సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్, కరెంట్‌వర్షన్, పాలసీస్, సిస్టమ్ వరకు వెళ్తే డిసేబుల్‌టాస్క్‌ఎంజీఆర్ (DisableTaskMgr), డిసేబుల్‌రిజిస్ట్రీటూల్స్ అనే రెండు విలువలు 1గా ఉంటాయి. రిమూవ్ ఐటమ్ ప్రాపర్టీ అనే కమాండ్‌తో ఆ రెండింటినే తీసేయండి, అవి ఉన్న కీ (రిజిస్ట్రీలో ఫోల్డర్ లాంటిది) మొత్తం కాదు.

ఒక మెలిక ఉంది. పవర్‌షెల్ తెరిచేటప్పుడు వేరే అకౌంటు పాస్‌వర్డ్ అడిగితే, అక్కడి కరెంట్ యూజర్ మీరు కాదు, ఆ అకౌంటు. అప్పుడు హెచ్‌కీ యూజర్స్ కింద మీ ఎస్‌ఐడీ (మీ అకౌంటుకి విండోస్ ఇచ్చిన గుర్తింపు) ఉన్న కీలోకి వెళ్లి తీయాలి.

జవాబు (హెక్సా)
రెజ్‌ఎడిట్ తెరుచుకున్నాక, ఏది ముట్టుకునే ముందైనా ఆ కీని ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి.

హిడెన్ ఫైల్స్ సంగతి: హెచ్‌కీ లోకల్ మెషీన్‌లో ఎక్స్‌ప్లోరర్, అడ్వాన్స్‌డ్, ఫోల్డర్, హిడెన్, షోఆల్ అనే కీ ఉంటుంది. అందులో చెక్డ్‌వాల్యూ 1 అయి ఉండాలి. 1 కనిపించగానే సరిగ్గానే ఉందనుకోకండి, టైప్ కూడా చూడండి. కొన్ని వైరస్‌లు డీవర్డ్‌ని (సంఖ్యగా ఉండే విలువ) చెరిపేసి అదే పేరుతో స్ట్రింగ్ (అక్షరాలుగా ఉండే విలువ) పెట్టిపోతాయి. దాన్ని తీసేసి కొత్త డీవర్డ్ చేయాలి.

వీబీఎస్ బాక్సుకి మైక్రోసాఫ్ట్ వాళ్ల ఆటోరన్స్ (వాటంతటవే మొదలయ్యే ప్రోగ్రాంలన్నీ చూపించే టూల్) చాలు. స్క్రిప్టుని నడిపేది విండోస్ సొంత డబ్ల్యూస్క్రిప్ట్ కాబట్టి, విండోస్ ఎంట్రీలను దాచే ఆప్షన్ తీసేసి వెతకండి. లాగాన్ ట్యాబ్‌లో లేకపోతే షెడ్యూల్డ్ టాస్క్స్‌లో ఉంటుంది. ముందు టిక్ తీసి, రీస్టార్ట్ చేసి చూశాకే డిలీట్ చేయండి.

విన్‌లాగాన్ కీ (లాగిన్ అయినప్పుడు ఏం నడవాలో ఉండే చోటు) దగ్గర మాత్రం తొందరపడకండి. షెల్‌లో ఎక్స్‌ప్లోరర్ డాట్ ఈఎక్స్‌ఈ ఒక్కటే ఉండాలి. యూజర్‌ఇనిట్‌లో సిస్టమ్32లోని యూజర్‌ఇనిట్ ఫైలు పూర్తి పాత్, చివర కామా. కామా తర్వాత ఇంకేదైనా ఉంటే అంతవరకే చెరపండి. ఆ విలువే ఖాళీ అయితే లాగిన్ అయిన క్షణమే లాగాఫ్ అవుతుంది. అప్పుడు రికవరీలోని కమాండ్ ప్రాంప్ట్ నుంచి రెజ్‌ఎడిట్ తెరిచి, సిస్టమ్32లోని కాన్ఫిగ్ ఫోల్డర్‌లో ఉన్న సాఫ్ట్‌వేర్ హైవ్‌ని (రిజిస్ట్రీలో ఆ భాగం ఉండే ఫైలు) లోడ్ చేసి సరిచేయాల్సి వస్తుంది.

చింతచిగురు
పాలసీలు పోయాయి, టాస్క్ మేనేజర్ వస్తోంది. షోఆల్‌లో మీరన్నట్టే స్ట్రింగ్ ఉంది, మార్చాను. కానీ ఆటోరన్స్ క్లిక్ చేస్తే ఫైలు దొరకలేదంటుంది. ఫైలేమో కళ్లెదురుగా డెస్క్‌టాప్ మీదే ఉంది! పేరు మారిస్తే మాత్రం తెరుచుకుంది.

జవాబు (బైట్ బావ)
పేరు మారిస్తే తెరుచుకుందంటే అది రిజిస్ట్రీలోని ఇమేజ్ ఫైల్ ఎగ్జిక్యూషన్ ఆప్షన్స్ అనే కీ పనే. అక్కడ ఆటోరన్స్ ఫైలు పేరుతో కీ చేసి, డిబగ్గర్ విలువలో వైరస్ తన ఫైలు పేరు రాసుకుంది. ఆ పేరున్న ప్రోగ్రాం నొక్కినప్పుడల్లా విండోస్ ముందు డిబగ్గర్‌ని పిలుస్తుంది. డిఫెండర్ ఆ ఫైలుని తీసేసింది కాబట్టి దొరకట్లేదంటోంది, మీ డెస్క్‌టాప్ మీదిది కాదు. పేరు మార్చిన ఆటోరన్స్‌లోనే ఇమేజ్ హైజాక్స్ ట్యాబ్ చూడండి. యాంటీవైరస్‌ల పేర్లు కూడా వరసగా కనిపించొచ్చు. ప్రతిదాంట్లో డిబగ్గర్ విలువ ఒక్కటే తీయండి, ఇమేజ్ ఫైల్ ఎగ్జిక్యూషన్ ఆప్షన్స్ కీ మొత్తాన్ని లేపేయకండి. విండోస్ సొంత సెట్టింగులు కూడా అందులోనే ఉంటాయి.