విద్యపై ప్రభుత్వ వ్యయం: భారత్‌ను చైనాతో ఏ అంకెతో పోల్చాలి?

ప్రశ్న: డిగ్రీ విద్యార్థులకు అర్థశాస్త్రం బోధిస్తున్నాను. జీడీపీలో విద్యపై ప్రభుత్వం పెట్టే ఖర్చు మన దేశంలో 4.43 శాతమని జాతీయ విద్యా విధానం 2020, 2.9 శాతమని 2022–23 ఆర్థిక సర్వే చెబుతున్నాయి. చైనాతో పోల్చడానికి ఏది తీసుకోవాలి?

సమాధానం: రెండింటిలోనూ కేంద్ర, రాష్ట్రాల ఖర్చు కలిసే ఉంది గానీ, 2017–18 నాటి మొదటి అంకెలో ఇతర శాఖలు విద్య, శిక్షణలపై పెట్టే ఖర్చు కూడా చేరుతుంది. సర్వే అంకె విద్య, క్రీడలు, కళలు, సంస్కృతి అనే పద్దుది. చైనా లెక్కలో విద్య పేరిట వసూలయ్యే సర్‌చార్జీ కూడా ఉంటుంది కాబట్టి, మొదటి అంకే కొంత దగ్గరగా ఉంటుందని నా అభిప్రాయం. కేంద్ర బడ్జెట్ ఒక్కటే తీసుకుంటే మాత్రం పోలిక పూర్తిగా తప్పుతుంది, ఎందుకంటే ఇక్కడ ఖర్చులో పెద్ద భాగం రాష్ట్రాలదే.

మరో సమాధానం: లక్ష్యాల చరిత్రనూ విద్యార్థులకు చెప్పండి. 1966లో కొఠారీ కమిషన్ సూచించిన 6 శాతాన్ని మనం ఇంతవరకు అందుకోలేదు, 2020 విధానం మళ్లీ అదే అంకెను రాసుకుంది. చైనా 2000 నాటికి 4 శాతం చేరాలని 1993లో నిర్ణయించుకుని, గడువు తప్పినా 2012లో చేరింది. ఆ మధ్యలో, పల్లె బడుల భారాన్ని 2001లో కౌంటీ (మన జిల్లా లాంటి పాలనా విభాగం) ప్రభుత్వాలకు అప్పగించి, 2006లో పశ్చిమ ప్రాంతాల్లో, 2007లో దేశమంతటా గ్రామీణ నిర్బంధ విద్యకు ఫీజులు ఎత్తివేసింది. మనకు నిజంగా పాఠం కావలసింది ఇదే.

ఇంకొక సమాధానం: చైనా జీడీపీ డాలర్లలో మనకు దాదాపు 5 రెట్లు, బడి ఈడు పిల్లలు మన దగ్గరే ఎక్కువ. అందువల్ల శాతంతో పాటు ఒక్కో విద్యార్థిపై ఖర్చును, కొనుగోలు శక్తి ప్రాతిపదికన, తప్పక చూపించండి.