వ్యాయామ పీరియడులో స్కేట్‌బోర్డు నేర్పాలా, వద్దా?

ఆరో తరగతి అమ్మ: మా అమ్మాయి బడిలో వచ్చే ఏడాది నుంచి వ్యాయామ పీరియడులో స్కేట్‌బోర్డింగ్ నేర్పుతారట. తల్లిదండ్రుల అంగీకార పత్రం పంపారు. పిల్ల ఎగిరి గంతేస్తోంది, నాకు మాత్రం సంతకం పెట్టడానికి చేయి రావడం లేదు. తెలిసినవారు చెప్పండి.

ఖోఖో పక్షం: నేనైతే పెట్టను. తరగతికి యాభై మంది, పీరియడు నలభై నిమిషాలు. ఖోఖో, కబడ్డీలకు సున్నపు గీతలు చాలు, అందరూ ఆడతారు. ఇక్కడ నలుగురు బోర్డెక్కితే మిగతావాళ్లు గోడవార కూర్చోవాలి. ఇది నగరాల్లో డబ్బున్న పిల్లల సరదా. రేపు చేయి విరిగితే ఎవరు జవాబు చెబుతారు?

పీఈటీ మాస్టారు: అమ్మా, మీ భయం న్యాయమైనదే. ఐదేళ్లలోపు పిల్లలకు బోర్డు వద్దనీ, పదేళ్లలోపు వారిని దగ్గరుండి చూసుకోవాలనీ అమెరికా పిల్లల వైద్యుల సంఘమే చెప్పింది. ఆరో తరగతి మొదలుపెట్టడానికి తగిన వయసు.

అయితే మొదటి పాఠం బోర్డు నడపడం కాకూడదు, పడటం కావాలి. కొత్తవాళ్లు పడేటప్పుడు అరచేయి చాచి నేలకు ఆనిస్తారు, మణికట్టు విరిగేది అక్కడే. అందుకే ముందు బోర్డు లేకుండా చాప మీద మోకాళ్లు వంచి కిందికి ఒదగడం, మోచేతులు ముడుచుకుని భుజం మీదుగా దొర్లడం అలవాటు చేయించాలి. ఆ తర్వాత బోర్డును గడ్డి మీద పెడితే చక్రాలు కదలవు. ఎక్కడం, దిగడం, ఏ పాదం ముందుంటే ఒంటికి కుదురుతుందో చూసుకోవడం అక్కడే అయిపోతుంది. ఎడమ పాదం ముందుంటే రెగ్యులర్, కుడి పాదం ముందుంటే గూఫీ. రెండూ సరైనవే, ఎడమే ముందుండాలని ఎవరినీ బలవంతపెట్టకండి.

ఇక ఖోఖో గారి లెక్క. ఇద్దరికి ఒక బోర్డు చాలు. ఒకరు నిలబడితే, రెండోవారు చేతులు పట్టుకుని పక్కన నడుస్తారు, తర్వాత మారతారు. పట్టుకున్నవారికి కూడా పని ఉంటుంది, పైగా వారే కాపలా. బోర్డులు తక్కువైతే సగం తరగతి ఖోఖో ఆడుతుంది, మరుసటి పీరియడులో జట్లు మారతాయి.

మైదానం మట్టిదైనా చాలా బడుల్లో ప్రార్థన జరిగే సిమెంటు నేల ఉంటుంది, అదే సరిపోతుంది. ఊడ్చాకే బోర్డు ఎక్కనివ్వాలి. చిన్న రాయి అడ్డుపడినా చక్రం ఆగిపోతుంది, మనిషి ఆగడు. తడి నేల, వాలు, గంతులు మొదటి ఏడాది వద్దేవద్దు.

పన్నా వెళ్లొచ్చిన వ్యక్తి: డబ్బున్న పిల్లల సరదా అన్న మాటకు జవాబు మధ్యప్రదేశ్‌లో ఉంది. పన్నా జిల్లా జన్వార్ గ్రామంలో 2015లో ఉల్రిక్ రైన్‌హార్డ్ అనే జర్మన్ మహిళ స్కేట్‌పార్కు కట్టించారు. నియమాలు రెండే: బడికి రాకపోతే బోర్డు లేదు, బోర్డు ముందుగా ఆడపిల్లలకే. ఎడంగా బతికిన ఆదివాసీ, యాదవ్ కుటుంబాల పిల్లలు అక్కడ కలిసి ఆడారు. ఆ ఊరి ఆశా గోండ్ 2018లో చైనాలోని నాన్‌జింగ్‌లో జరిగిన ప్రపంచ పోటీలకు వెళ్లింది. ఇంకొక మాట, టోక్యో ఒలింపిక్స్‌లో మహిళల స్కేట్‌బోర్డింగ్‌లో స్ట్రీట్ విభాగంలో (మెట్లు, రెయిలింగుల వంటివాటి మీద ఆడేది) స్వర్ణం గెలిచిన మోమిజీ నిషియా వయసు అప్పటికి 13 ఏళ్లే.

ఖోఖో పక్షం: జన్వార్ సంగతి నాకు తెలియదు, సంతోషం. కానీ అక్కడ పిల్లలు ఇష్టపడి వచ్చారు. పీరియడులో పెడితే భయపడే పిల్లా ఎక్కాల్సిందే కదా? బోర్డు ఎప్పుడూ ఎక్కని పీఈటీ చేత నేర్పిస్తే ఇంకా ప్రమాదం.

పీఈటీ మాస్టారు: ఆ రెండూ ఒప్పుకుంటాను. నేర్పేవారికి ముందు శిక్షణ ఇప్పించాలి, అది లేకపోతే బోర్డులు కొనకూడదు. భయపడే పిల్ల గడ్డి దగ్గరే ఆగినా మార్కులు తగ్గించకూడదు. అమ్మా, పత్రంలో ఈ రెండు సంగతులూ రాసి ఉన్నాయా?

ఆరో తరగతి అమ్మ: లేవు మాస్టారూ. హెల్మెట్, మోకాలి ప్యాడ్లు బడే ఇస్తుందని మాత్రం ఉంది. ఒకే హెల్మెట్ పదిమంది పెట్టుకుంటే పేలు అంటుకోవా?

పీఈటీ మాస్టారు: లోపల పెట్టుకోవడానికి పలుచని నూలు టోపీ పంపండి, రోజూ ఉతకండి. మణికట్టు గార్డుల సంగతి కూడా అడగండి. మోకాలి ప్యాడ్ల కన్నా అవే ముఖ్యం.