సైకిల్ లైట్ బ్యాటరీ ప్యాక్‌లకు వాననీళ్లు పోకుండ ఎట్ల చేస్తున్నరు?

పానగల్_సైకిల్:
అన్నలూ, నేను నల్లగొండల పొద్దున నాలుగున్నరకు పేపర్ వేస్త. చీకట్ల ఉదయసముద్రం కట్ట మీదికెళ్లి రావాలె, లైట్ లేంది నడవదు. రెండు 18650 సెల్లులు (ఛార్జింగ్ పెట్టే గుండ్రటి లిథియం బ్యాటరీలు) సిరీస్‌ల కలిపి 7.4 వోల్టుల ప్యాక్ నేనే కట్టుకున్న. ప్లాస్టిక్ డబ్బాల పెట్టి, వైర్ బయటికొచ్చే బొక్క చుట్టూ గ్లూ గన్‌తోని మూసి ఫ్రేమ్‌కు కట్టిన. ఎండకాలమంత మంచిగనే ఉండె. మొన్నటి ముసురుల మూడోరోజు లైట్ మినుకుమినుకుమని ఆగిపోయింది. మూత తీస్తే అడుగున చెంచాడు నీళ్లు, సర్క్యూట్ బోర్డు మీద పచ్చటి చిలుము. ఈసారి డబ్బా నిండ ఎపాక్సీ పోసి గట్టిగ చేద్దామనుకుంటున్న. పొయ్యొచ్చా?

పాలమూరు_వైండింగ్:
వద్దు తమ్మీ. సెల్ ప్లస్ దిక్కు టోపీ కింద సన్న రంధ్రాలుంటయి. లోపల వేడెక్కి గ్యాస్ పుడితే అటుకెల్లే పోవాలె. దాన్ని ఎపాక్సీతోని బిగిస్తే సెల్ పగుల్తది. ఇంకోటి, ఆ తడిసిన ప్యాక్‌ను ఛార్జింగ్ మాత్రం పెట్టకు. ముందుగాల మీటర్‌తోని సెల్లులు విడివిడిగ చూడు. రెండున్నర వోల్టుల కిందికి దిగిన దాన్ని పక్కకు పెట్టు, మళ్ల వాడకు. ఇంట్ల పిల్లలు పండుకునే కాడ అసలే పెట్టకు.

గద్వాల_రైడర్:
బోర్డు కడగాలనుకుంటే బోరునీళ్లతోని కడగకు. మన దిక్కు నీళ్లల్ల ఉప్పు ఎక్కువ, ఆరినంక తెల్లటి పొర మిగుల్తది, మళ్ల చెమ్మ తగలంగనే కరెంటు లీకైతది. ఇన్వర్టర్‌కు పోసే డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకో. సెల్లులు విప్పి పక్కకు పెట్టినంకనే కడుగు.

మిర్యాలగూడ_నైట్‌షిఫ్ట్:
గ్లూ గన్ జిగురును నమ్మకు. ఎండల డబ్బా కాలితే మెత్తబడి ప్లాస్టిక్‌ను వదిలేస్తది. సల్లబడ్డంక చూస్తే అతికినట్టే ఉంటది కని సందు ఉంటది. దానికి తోడు డబ్బా ఊపిరి తీస్తది. వేడికి లోపలి గాలి ఉబ్బి బయటికి పోతది. మీద సల్లటి వాన పడంగనే లోపలి గాలి కుంచించుకపోయి, సందు కాడున్న నీళ్లను గుంజుకుంటది.

ఇంకో సంగతి నాకు తెలిసేసరికి రెండు ప్యాక్‌లు పోయినయి. వైర్ల సన్న తీగలుంటయి కద, వాటి సందులకెల్లి నీళ్లు, దీపం వత్తి నూనె గుంజినట్టు, పాకుతయి. లైట్ కాడి పిన్ను తడిస్తే తొడుగు లోపలికెల్లే బోర్డు దాక వస్తయి. నా వైర్ జానెడు పొడుగు గీరి చూసిన. పైన తొడుగు కొత్తదాని లెక్కనే ఉంది, లోపల రాగి మొత్తం నల్లగయింది. అందుకే డబ్బాలకు పోయే ముందు అరసెంటీమీటర్ తొడుగు తీసి, తీగల నడుమ ఇంకేదాక సోల్డరింగ్ సీసం పట్టియ్యి. దాని మీద లోపల జిగురున్న హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకొని బిగుసుకునే ప్లాస్టిక్ గొట్టం) తొడిగి వేడి చెయ్యి. వైర్‌ను డబ్బా అడుగుకెల్లి తీసి, కిందికి ఒక వంపు వేలాడనియ్యి. జారొచ్చిన చుక్క ఆ వంపు కాడనే రాలిపోతది.

దేవరకొండ_సార్:
ఇంత కష్టం అక్కర్లేదు. పంచర్ దుకాణంల పాత ట్యూబ్ ముక్క తీసుకోండి. హీట్ ష్రింక్ వేసిన ప్యాక్‌ను అందుల తోసి, పై కొన రెండు మడతలు వేసి రబ్బర్ పట్టీతోని కట్టండి. కింది కొనకెల్లి వైర్ తియ్యండి, అది గట్టిగ కట్టొద్దు. మూడు వానకాలాల నుంచి నాది ఇట్లనే ఉంది.

మిర్యాలగూడ_నైట్‌షిఫ్ట్:
సార్, మీరు రోజూ ఛార్జింగ్ కోసం విప్పుతరు కాబట్టి ఆరుతుంది. వారం రోజులు విప్పకపోతే ట్యూబ్‌ల చెమ్మ నిలుస్తది.

దేవరకొండ_సార్:
నిజమే. రోజూ విప్పుత. విప్పలేనోళ్లు డబ్బానే చేసుకోండి.

పాలమూరు_వైండింగ్:
బొక్కకు సిలికాన్ పెడితే వాసన చూసి కొనుర్రి. సిర్కా వాసనొచ్చే రకం ఆరేటప్పుడు ఆమ్లం వదుల్తది, రాగిని తింటది. న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్నదే బోర్డు దగ్గర వాడాలె. నేనైతే పీజీ-7 కేబుల్ గ్లాండ్ (బొక్కల బిగిస్తే వైర్ చుట్టూ రబ్బర్‌తోని మూసే మర) పెట్టమంట. 3 నుంచి 6.5 మిల్లీమీటర్ల గుండ్రటి కేబుల్ పడ్తది. జంట వైర్ పెడితే మాత్రం నడుమ సందు మిగుల్తది, అది పనికిరాదు.

పంచర్ చూసినట్టే డబ్బా కూడ చూడొచ్చు. సెల్లులు తీసేసి, ఖాళీ డబ్బా మూసి గోరువెచ్చటి నీళ్లల్ల ముంచు. లోపలి గాలి ఉబ్బుతది, బుడగ ఎక్కడికెల్లి వస్తే లీకు అక్కడ.

పానగల్_సైకిల్:
ముంచి చూసిన అన్నా. నేను గ్లూ పెట్టిన బొక్కే అనుకున్న, అక్కడ కొంచెమే వచ్చింది. ఎక్కువ బుడగలు ఛార్జింగ్ పిన్ను మధ్యలకెల్లి వచ్చినయి! అది నా మనసుకే రాలే. పిన్ను తీసేసి గ్లాండ్ బిగించిన, కేబుల్ ఒక్కటే పెట్టి దాంతోనే ఛార్జింగ్ చేస్తున్న. సెల్లులల్ల ఒకటి 1.9 ఉంది, పక్కకు పెట్టిన. రెండూ ఒక్క తీరువే కొత్తయి కొన్న.

పానగల్_సైకిల్ (పది రోజుల తర్వాత):
రాత్రి నుంచి ముసురే. పొద్దున రెండు గంటలు తడిసిన, లైట్ ఆగలే. డబ్బాల అడుగున పేపర్ ముక్క ఒకటి వేసి పెట్టిన, తడి తెలుస్తదని. ఇప్పుడే తీసి చూసిన. మొత్తం కరకరలాడుతుంది, గ్లాండ్ దిక్కు మూల మాత్రం వేలికి మెత్తగ తగిలింది. సాయంత్రం విప్పి రబ్బర్ వాషర్ మార్చి మళ్ల ముంచి చూస్త.