టేకెన్ అబ్యాక్ అంటే ఉత్త ఆశ్చర్యమేనా?

ఒక డౌట్ అండీ. 'హీ వాజ్ టేకెన్ అబ్యాక్ బై హర్ క్వశ్చన్' అనే వాక్యం తెలుగు చేస్తున్నా, డిక్షనరీలో ఆశ్చర్యపోవడం అని ఉంది కానీ అలా రాస్తే చప్పగా ఉంది. పైగా టేక్ బ్యాక్ అంటే వెనక్కి తీసుకోవడం కదా, ఇందులోకి ఆశ్చర్యం ఎక్కణ్ణించి వచ్చింది?

మీకు చప్పగా అనిపించడం కరెక్టే అండీ, ఇది ఓడలవాళ్ల మాట. తెరచాప ఓడ సాగిపోతుండగా గాలి ఉన్నట్టుండి ఎదురు తిరిగిందనుకోండి, లేదా చుక్కాని పట్టినవాడు ఏమరుపాటున ఓడని గాలికి ఎదురుగా తిప్పేశాడనుకోండి, తెరచాప వెళ్లి స్తంభానికి అతుక్కుపోతుంది, అప్పటిదాకా ముందుకి లాగిన చాపే వెనక్కి నెట్టడం మొదలుపెడుతుంది, ఓడ ఆగిపోతుంది, ఒక్కోసారి వెనక్కి కూడా పోతుంది. దాన్నే టేకెన్ అబ్యాక్ అనేవాళ్లు. మనుషులకి వాడటం తర్వాత వచ్చింది, 19వ శతాబ్దంలో బాగా అలవాటైంది. అందుకే ఇందులో వింత చూసి ముచ్చటపడటం లేదు, మాట్లాడుతున్నవాడు మాట తోచక ఒక్క క్షణం ఆగిపోవడం ఉంది, చాలాసార్లు కాస్త నొచ్చుకోవడం కూడా ఉంటుంది.

నాకైతే తెలుగులో దీనికి బాగా దగ్గరిది ఖంగుతినడం. అవాక్కవడం కూడా బావుంటుంది, వాక్కు లేకుండా పోవడమే కదా దాని అర్థం. నిర్ఘాంతపోవడం మాత్రం వద్దు, అది పెద్ద దెబ్బకి వాడే మాట. ఉలిక్కిపడటం ఒంటికి సంబంధించింది, వెనకనించి ఎవరో గట్టిగా అరిస్తే ఉలిక్కిపడతాం గానీ దాన్ని టేకెన్ అబ్యాక్ అనరు.

ఇంకోటి, అబ్యాక్‌లో ఆ మొదటి 'అ' వదిలేయకండి. చాలామంది 'ఐ వాజ్ టేకెన్ బ్యాక్' అని రాసేస్తున్నారు, అది వేరే. పాత పాట వినగానే చిన్నతనం గుర్తొస్తే 'ఇట్ టుక్ మీ బ్యాక్' అంటారు, అన్నమాట వెనక్కి తీసుకుంటే 'ఐ టేక్ ఇట్ బ్యాక్'. మనది ఎక్కువగా కర్మణి ప్రయోగంలోనే కనిపిస్తుంది, మామూలు వాక్యంలో పెడితే 'హర్ క్వశ్చన్ టుక్ హిమ్ అబ్యాక్' అని మనిషి మధ్యలోకి వస్తాడు.

మరి సంతోషంగా ఆశ్చర్యపోతే ఏమంటారండీ? అనుకోకుండా మంచి బహుమతి వచ్చిందనుకోండి.

దానికి 'బౌల్డ్ ఓవర్' బావుంటుంది, దొర్లుకుంటూ వచ్చిన బంతి తగిలి పడిపోయినట్టు, కానీ ఆనందంతో. బహుమతి ఇచ్చినవాళ్లతో టేకెన్ అబ్యాక్ అన్నారంటే నచ్చలేదేమో అనుకునే ప్రమాదం ఉంది. 'ప్లెజెంట్లీ' అని ముందు తగిలిస్తే పర్లేదు.

అర్థమైందండీ. 'ఆమె ప్రశ్నకి ఖంగుతిన్నాడు' అని మార్చేశా, ఆ తర్వాతి వాక్యంలో అతను నీళ్లు నమలడం ఉంది, రెండూ ఇప్పుడు అతికినట్టు కుదిరాయి.