"ఎవడబ్బ సొమ్మని": జాక్సన్ సంస్మరణ సభ ఖర్చుకు ఈ మాట అతుకుతుందా?

మన సమూహంలో ఒక సోదరి నిన్న మంచి ప్రశ్న వేశారు. మైకేల్ జాక్సన్ సంస్మరణ సభ గురించి ఆవిడ ఒక వ్యాసం రాస్తున్నారట. 2009 జూలై 7న లాస్ ఏంజెలెస్‌లో జరిగిన ఆ సభకు నగర ఖజానా నుంచి సుమారు 14 లక్షల డాలర్లు ఖర్చయ్యాయని తెలిసి, అక్కడ పన్ను కట్టేవాళ్లు చాలామంది మండిపడ్డారు. వాళ్ల కోపాన్ని చెప్పే శీర్షికగా "ఎవడబ్బ సొమ్మని?" అని పెడితే బాగుంటుందా, మోటుగా ఉంటుందా అని ఆవిడ సందేహం. కింద చాలామంది బ్రహ్మాండంగా ఉంది, పెట్టేయండి అన్నారు. ఇద్దరు ముగ్గురు బూతులా ఉందన్నారు. నాకు రెండు జవాబులూ తృప్తిగా అనిపించలేదు. అది బూతు కాదు. కానీ ఆ సభకు అతకదు. ఎందుకో కాస్త వివరంగా రాస్తాను.

ఈ మాట మన నోళ్లలో ఇంతగా నానడానికి కారణం భద్రాచల రామదాసు. గోల్కొండ తానీషా కొలువులో తహసీల్దారుగా ఉన్న కంచెర్ల గోపన్న, వసూలైన పన్నుల డబ్బుతో రాముడికి గుడి కట్టించి, నగలు చేయించి, అందుకు ఖైదు పాలయ్యాడని కదా కథ. "ఇక్ష్వాకు కులతిలక" కీర్తనలో ఆయన చేయించినవన్నీ ఒక్కొక్కటే ఏకరువు పెడతాడు. ప్రాకారానికి ఇంత, భరతుడి పచ్చల పతకానికి ఇంత, సీతమ్మ చింతాకు పతకానికి ఇంత అని ప్రతిదానికీ పదివేలు పదివేలుగా లెక్క చెప్పుకుంటూ వస్తాడు. చివరికి రాముడి కలికితురాయి దగ్గరికి వచ్చేసరికి లెక్క ఆగిపోతుంది, ఓపిక తెగిపోతుంది. "నీవు కులుకుచు తిరిగేవు ఎవరబ్బ సొమ్మని రామచంద్రా" అనేస్తాడు. నీ తండ్రి దశరథుడు పెట్టాడా, మామ జనకుడు పంపాడా అని నిలదీస్తాడు. వెంటనే, అబ్బ తిట్టు తిట్టానని ఆయాసపడవద్దు, ఈ దెబ్బలకు ఓర్వలేక తిట్టాను అని కాళ్లావేళ్లా పడతాడు.

ఇక్కడ ఈ మాట అంటున్నది ఎవరో గమనించండి. డబ్బు పోగొట్టుకున్న తానీషా కాదు, పన్ను కట్టిన రైతు కాదు. ఖర్చు పెట్టినవాడే అంటున్నాడు. తన కోసం కాకుండా, తాను ప్రేమించిన దైవం కోసం పెట్టి, దెబ్బలు తింటూ అంటున్నాడు. అనిపించుకుంటున్నది ఆ నగ పెట్టుకున్న దేవుడు. అందుకే ఆ తిట్టులో అంత చనువుంది. మనం రోజూ వాడే "ఎవడబ్బ సొమ్మనుకున్నావ్" అనే గద్దింపు ఈ కీర్తనకు దూరపు చుట్టం మాత్రమే. అందులో కోపం ఉంటుంది, చనువు ఉండదు.

"సొమ్ము" అనే మాట కూడా ఊరికే పడలేదు. సంస్కృతం "స్వమ్" నుంచి వచ్చిందంటారు, అంటే తనది అని. తెలుగులో దానికి డబ్బు అనీ అర్థమే, నగ అనీ అర్థమే. "ఒంటి మీద సొమ్ములు" అన్నప్పుడు ఎవరూ డబ్బు అనుకోరు. రామదాసు పాదంలో రెండు అర్థాలూ ఒకేసారి పలుకుతాయి. తలమీది తురాయీ సొమ్మే, దాని వెనకున్న వరహాలూ సొమ్మే. చరణం మొత్తానికి బలం అక్కడే ఉంది.

ఇక లాస్ ఏంజెలెస్‌కు రండి. జాక్సన్ 2009 జూన్ 25న, యాభై ఏళ్ల వయసులో చనిపోయాడు. పన్నెండు రోజుల తర్వాత, అప్పట్లో స్టేపుల్స్ సెంటర్ అని పిలిచిన ఇండోర్ స్టేడియంలో సభ. టికెట్లు ఉచితం. పేర్లు నమోదు చేసుకున్నవాళ్లు సుమారు 16 లక్షలు. వాళ్లలో 8,750 మందిని లాటరీలో తీసి, ఒక్కొక్కరికి రెండు చొప్పున 17,500 టికెట్లు ఇచ్చారు. లోపల 11,000 మంది, ఎదురుగా ఉన్న నోకియా థియేటర్‌లో తెర మీద చూడటానికి 6,500 మంది. బయట లక్షల్లో జనం వస్తారన్న అంచనాతో వేలమంది పోలీసులను దింపారు. జనం అంతగా రాలేదు కానీ, పోలీసులకు ఓవర్‌టైమ్ ఇవ్వక తప్పదు కదా. రోడ్లు మూశారు, ట్రాఫిక్ మళ్లించారు, తర్వాత చెత్త ఎత్తారు. బిల్లు అలా పెరిగింది.

ఆ బిల్లులో ఒక పద్దు మీద జనానికి ఎక్కువ కోపం వచ్చింది. డ్యూటీలో ఉన్న పోలీసుల భోజనం పెట్టెలకు సుమారు 48 వేల డాలర్లు. పైగా ఆ భోజనాలు తెప్పించింది నగరానికి చాలా దూరంలో ఉన్న ఒక చిన్న ఊరి నుంచి. 14 లక్షలు అంటే సామాన్యుడి ఊహకు అందదు. శాండ్‌విచ్ ధర అందరికీ తెలుసు. రామదాసు కూడా మొత్తం ఆరు లక్షలు అని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకోలేదు, మొలతాడు దాకా విడివిడిగా చెప్పాడు. లెక్క విడివిడిగా వింటేనే మనసుకు తగులుతుంది.

పోలిక అక్కడితో సరి. బంగారు పూత పూసిన శవపేటిక టీవీలో కనబడగానే, మా పన్నులతో ఇంత వైభవమా అన్నవాళ్లున్నారు. ఆ పేటిక నగర బిల్లులో లేదు. నగరం పెట్టింది బందోబస్తుకూ రోడ్లకూ. నగ ఒకరి ఖర్చు, కాపలా ఇంకొకరి ఖర్చు. రామదాసు పాదంలో రెండూ ఒకటే సొమ్ము కాబట్టి ఆ మాట పేలింది. ఇక్కడ రెండూ వేరు. "కులుకుతూ తిరిగేవు" అనిపించుకోవలసిన మనిషి పేటికలో ఉన్నాడు. అతని తరఫున అనిపించుకోవడానికి మిగిలింది ఇంటివాళ్లు, లాటరీలో పేరు వచ్చి ఏడ్చుకుంటూ వెళ్లిన అభిమానులు. వాళ్లెవరూ ఖజానా తాళం తీయలేదు.

ఇంకో సంగతి నన్ను గట్టిగా ఆపుతోంది. "అబ్బ" అంటే తండ్రి. ఆ సభ చివర్లో జాక్సన్ కూతురు, పదకొండేళ్ల పిల్ల, వేదిక మీద మైకు ముందుకొచ్చి, మా నాన్నంత మంచి నాన్న ఉండడని చెబుతూ మాట పూర్తి కాకుండానే మేనత్త మీద వాలిపోయి ఏడ్చింది. అమెరికాలోనే మూడు కోట్ల మందికి పైగా టీవీలో ఆ సభ చూశారు. అలాంటి సభ గురించిన వ్యాసానికి "ఎవడబ్బ సొమ్మని" అన్న శీర్షిక పెడితే, తెలుగు చదివేవాడి చెవికి ఆ "అబ్బ" తప్పకుండా వినిపిస్తుంది. ఖర్చు గురించి అడగవలసిన ప్రశ్న పోయి తిట్టు మాత్రం మిగులుతుంది. నాకది తప్పనిపిస్తుంది.

కింద ఒకరు "సొమ్మొకడిది సోకొకడిది" సూచించారు. మంచి సామెతే, కానీ సోకు అన్నప్పుడు మళ్లీ చనిపోయినవాడి మీదికే పోతుంది. నా ఓటు "అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు" అనే సామెతకు. ఎందుకంటే ఈ సామెత అల్లుణ్ని పట్టుకుంటుంది, దానం పుచ్చుకున్నవాణ్ని కాదు. ఇక్కడ అల్లుళ్లు ఇద్దరు. ఒకరు నగర పాలకులు. అప్పటికే నగరానికి 50 కోట్ల డాలర్లకు పైగా లోటు ఉంది, ఉద్యోగాల కోతల మాట నడుస్తోంది. అయినా ఖర్చు ఎవరు భరించాలో ముందే రాసుకోకుండా సరే అన్నారు. తర్వాత మేయరు కార్యాలయం వెబ్‌సైట్‌లో అభిమానులను చందాలు అడిగింది. వచ్చింది వేలల్లోనే. రెండోది ఏఈజీ అనే సంస్థ. స్టేపుల్స్ సెంటర్ వాళ్లదే, లండన్‌లో జాక్సన్ చేయవలసిన 50 కచేరీలకు నిర్వాహకులూ వాళ్లే. అంతకు మూడు వారాల ముందు లేకర్స్ బాస్కెట్‌బాల్ జట్టు విజయోత్సవ ఊరేగింపు ఖర్చు మీద కూడా ఇదే గొడవ జరిగింది. దాతలు ముందుకొచ్చి గట్టెక్కించారు. అంత తాజా అనుభవం ఉండి కూడా రెండోసారి లెక్క తేల్చుకోకపోవడమే జనాన్ని రగిలించింది. వాళ్ల కోపం నాకు న్యాయంగానే కనిపిస్తుంది.

అవతలివైపు వాదనా తీసిపారేయదగ్గది కాదు. మహానగరం అన్నాక జనం గుమికూడే చోట పోలీసు కాపలా పెట్టడం మా బాధ్యత అని అప్పటి మేయరు ఆంటోనియో విలరైగోసా అన్నాడు. అది నిజమే. సభ పెట్టకపోయినా ఆ జనం ఎక్కడో ఒకచోట చేరేవాళ్లే. అందుకే వ్యాసంలో "ప్రజాధనం దుర్వినియోగం" అన్న పత్రికల జంట మాట కూడా వద్దంటాను. ప్రజాధనం అనండి, చాలు. దుర్వినియోగం అనేది తీర్పు. దాన్ని పాఠకుడు చెప్పాలి.

ఈ కథకు ముగింపు కూడా ఉంది, వ్యాసంలో అది తప్పకుండా చేర్చండి. మరుసటి ఏడాది, 2010లో, ఏఈజీ, జాక్సన్ ఆస్తుల వ్యవహారాలు చూసే ఎస్టేట్ కలిసి నగరానికి సుమారు 13 లక్షల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. రామదాసు కథలో రామలక్ష్మణులే వచ్చి తానీషాకు బాకీ తీర్చారంటారు. ఇక్కడ మాత్రం నగర కౌన్సిల్ సభ్యులు, నగర న్యాయవాది కార్యాలయం, పత్రికలు ఏడాది పాటు వెంటపడితే తీరింది. మొదటి వారం మండిపడ్డ వార్తలే అందరికీ గుర్తున్నాయి, ఈ చెల్లింపు చాలామందికి తెలియదు.

వ్యాసంలో "సంతాప సభ" అనాలా, "సంస్మరణ సభ" అనాలా అన్న సందేహం కూడా రావచ్చు కాబట్టి, అదీ ఇక్కడే చెప్పేస్తాను. సంస్మరణ సభే సరైనది. పాటలు పాడి, జ్ఞాపకాలు పంచుకున్న సభ అది. సంతాపం అంటే ఒక తీర్మానం చేసి రెండు నిమిషాలు మౌనం పాటించినట్టు ఉంటుంది.

శీర్షికకు నా సూచన: "అత్త సొమ్ము, అల్లుడి దానం: జాక్సన్ సభ బిల్లు ఎవరు కట్టారు?" పొడవనిపిస్తే రెండో సగం ఒక్కటీ పెట్టండి.

చివరగా పండితులకు ఒక విన్నపం. కీర్తనలో "ఎవరబ్బ" అని కొన్ని ప్రతుల్లో, "ఎవడబ్బ" అని పాడేవాళ్ల నోట్లో వింటున్నాం. రాముణ్ని అడుగుతున్నది కాబట్టి "ఎవరబ్బ" అనే గౌరవ రూపమే మొదటిదని, "ఎవడబ్బ" జనం నోట్లో మారిందని నా నమ్మకం. పాత ముద్రణలు దగ్గరున్నవాళ్లు ఆ చరణం ఫొటో తీసి ఇక్కడ పెట్టగలరా?