పసుపు ప్లేటు నుంచి తెల్ల ప్లేటుకి: ఎప్పుడు మారాలి, ఎవరు తేల్చాలి?

ఓరుగల్లు650:
అన్నలూ, అక్కలూ, ఒక విషయం తేల్చుకోలేకపోతున్నా. అట్లాంటా దగ్గర ఉంటాను, సీసీఎస్ అనే మోటార్‌సైకిల్ రేసింగ్ క్లబ్‌లో సుజుకి ఎస్‌వీ650 బైక్‌తో అమెచ్యూర్ (కొత్తవాళ్ళ) క్లాసులో రేస్ చేస్తున్నా. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, ఇక్కడ అమెచ్యూర్‌లకి పసుపు నంబర్ ప్లేటు, ఎక్స్‌పర్ట్‌లకి తెల్ల ప్లేటు. ఈ సీజన్‌లో దాదాపు ప్రతిసారీ మొదటి ముగ్గురిలో ఉంటున్నా. పాడాక్‌లో (ట్రాక్ పక్కన బైకులు, టీములు ఉండే చోట) కొందరు "ఇంకా పసుపు ప్లేటేంటి, ఎక్స్‌పర్ట్‌కి అప్లై చెయ్" అంటున్నారు. నాకేమో ఇంకో ఏడాది ఉండి, డేటోనాలో జరిగే రేస్ ఆఫ్ ఛాంపియన్స్‌లో అమెచ్యూర్ టైటిల్ కొట్టి అప్పుడు మారాలనుంది. క్లబ్ వద్దనడం లేదు కదా, ఇందులో తప్పేముంది?

పల్నాడు_రైడర్:
తప్పని నేను అనను తమ్ముడూ, కానీ నీకు నష్టం. చాలా ఏళ్ళుగా తెల్ల ప్లేటుతో తిరుగుతున్నాను కాబట్టి చెప్తున్నా. అమెచ్యూర్‌లో ముందు వెళ్ళేవాడు రేసులో సగం ఒంటరిగానే తిరుగుతాడు. ముందు ఎవరూ ఉండరు, బ్రేక్ ఇంకా ఎక్కడ పట్టొచ్చో చూపించేవాడు ఉండడు, నువ్వు బ్రేక్ పట్టే చోటే సరైన చోటనుకుంటావు. అలబామాలోని బార్బర్ ట్రాక్‌లో దిగుడు దిగి వచ్చే ఐదో మలుపు తెలుసుగా, ఆ పెద్ద సాలీడు బొమ్మ ఉన్న హెయిర్‌పిన్ (వెనక్కి తిరిగే మలుపు). అక్కడ ఒక మంచి ఎక్స్‌పర్ట్ వెనక రెండు ల్యాపులు వేలాడితే, బ్రేక్ ఎంత ఆలస్యంగా పట్టొచ్చో, దాన్ని మలుపు లోపలిదాకా ఎంత మెల్లగా వదలాలో కళ్ళతో చూస్తావు. వీడియోలు చూసి ఇది రాదు. ఇంకో ఏడాది ట్రోఫీలు తీసుకుంటూ కూర్చుంటే పాత అలవాట్లు గట్టిపడతాయి, తర్వాత వాటిని విప్పుకోవడానికి రెండేళ్ళు పడుతుంది.

ఇంకో సంగతి. నీ తర్వాత నాలుగో స్థానంలో, ఐదో స్థానంలో వచ్చేవాళ్ళు నిజంగా కొత్తవాళ్ళు. వాళ్ళ పోడియం మీద నువ్వు నిలబడుతున్నావు. శాండ్‌బ్యాగింగ్ (సత్తా ఉండీ కింది క్లాసులో ఉండిపోవడం) అని వెనకాల అనుకునేది దీన్నే.

జెండా_అక్క:
నేను రేస్ చెయ్యను, వాలంటీర్‌గా మలుపు దగ్గర జెండాలు పట్టుకుంటాను. పల్నాడు గారు చెప్పినదాంట్లో నేర్చుకోవడం గురించిన మాట నిజమే, కానీ ఆయన ఒకవైపే చూస్తున్నారు. పోడియం మీద నిలబడ్డవాళ్ళందరూ సిద్ధంగా ఉన్నట్టు కాదండీ.

చాలాచోట్ల ఎక్స్‌పర్ట్‌లు మొదటి వేవ్‌లో (ముందు బయల్దేరే గుంపులో), అమెచ్యూర్‌లు కాసేపటికి రెండో వేవ్‌లో, ఒకే రేసులో వెళ్తారు. లెక్క వేసి చూడండి. ముందున్న ఎక్స్‌పర్ట్ ల్యాపుకి 1 నిమిషం 30 సెకన్లు, వెనకున్న అమెచ్యూర్ 1 నిమిషం 42 సెకన్లు, వేవ్‌ల మధ్య తేడా 15 సెకన్లు అనుకుంటే, 8 ల్యాపుల రేసులో చివరి ల్యాపులోనే ఆ ఎక్స్‌పర్ట్ వచ్చి అతన్ని దాటేస్తాడు. అందరూ గెలుపు కోసం తెగించే ల్యాపు అదే. వెనకనుంచి వేగంగా వస్తున్నారని మేం నీలం జెండా ఊపుతాం, కానీ దాటేవాడిని కాపాడేది ముందున్న మనిషి తన లైన్ (వెళ్ళే దారి) మార్చకపోవడమే. నెమ్మదిగా వెళ్ళేవాళ్ళని చూస్తే నాకు అంత భయం వెయ్యదు. ఈ ల్యాపులో బయటినుంచి, వచ్చే ల్యాపులో లోపలినుంచి వచ్చేవాళ్ళని చూస్తే వేస్తుంది. అలాంటివాళ్ళు ఒక్క ఫాస్ట్ ల్యాప్ చూపించి తెల్ల ప్లేటు తెచ్చుకుంటున్నారు, నా అభ్యంతరం అక్కడ. నన్నడిగితే రైడర్‌కి ఈ నిర్ణయం వదలకూడదు, ల్యాప్ టైమ్ ఒక్కటే చూడకూడదు, క్లబ్ వాళ్ళు మాలాంటి కార్నర్ వర్కర్లనీ అడిగి తేల్చాలి.

గుంటూరు_గేర్:
డబ్బు మాట ఎవరూ ఎత్తలేదు. స్లిక్స్ (గాళ్ళు లేని రేస్ టైర్లు) ఒక జత 400 నుంచి 500 డాలర్ల దాకా అవుతుంది. అమెచ్యూర్‌లో అరిగిన టైరుతో కూడా నెట్టుకొచ్చేయొచ్చు, ఎక్స్‌పర్ట్‌లో మొదటి పదిలో ఉండాలంటే వారాంతానికి కొత్త జత తప్పదు. తమ సరుకు వాడి ముందు వచ్చేవాళ్ళకి బైక్ కంపెనీలు, టైర్ కంపెనీలు ఇచ్చే కాంటింజెన్సీ డబ్బు ఎక్కువగా ఎక్స్‌పర్ట్‌లకే అన్నమాట నిజమే, కానీ అది ముందు వరసలో వచ్చేవాళ్ళకి. పన్నెండో స్థానానికి ఎవరూ చెక్కు రాయరు. నెలనెలా ఇంటికి డబ్బు పంపేవాళ్ళం, ఈ లెక్క చూసుకోకుండా మారిపొమ్మంటే ఎలా?

పల్నాడు_రైడర్:
గేర్ అన్నా, ఎక్స్‌పర్ట్‌లో అందరూ మొదటి పది కోసమే రావడం లేదు. పదిహేనో స్థానం కోసం నలుగురు చివరి మలుపు దాకా కొట్టుకుంటారు, నా మటుకు అందులో ఉన్నంత ఆనందం ఒంటరిగా గెలిచిన రేసులో లేదు. దానికి అరిగిన టైరు చాలు. అక్కా, మీ అభ్యంతరం ఒప్పుకుంటున్నా, అయితే క్లబ్ వాళ్ళకి అందర్నీ గమనించే తీరిక ఉండదు. పాయింట్లనో, ల్యాప్ టైమ్‌నో చూసి ఎక్స్‌పర్ట్‌కి పంపేస్తారు. రైడర్‌కే తనమీద తనకి లెక్క ఉండాలి.

ఓరుగల్లు650:
పదిహేనో స్థానమంటే నాకు కష్టంగానే ఉంది అన్నా. వరంగల్‌లో మా నాన్నకి ఇది ప్రమాదం తప్ప ఇంకేమీ కాదు, ట్రోఫీ ఫోటో పంపితేనే కాస్త నెమ్మదిస్తాడు. పైగా ఎప్పటికైనా మోటోఅమెరికాలో (అమెరికా జాతీయ బైక్ రేసుల్లో) ట్విన్స్ కప్, అంటే రెండు సిలిండర్ల బైకుల క్లాసు, ఒక్కసారైనా చెయ్యాలని ఉంది, అమెచ్యూర్ టైటిల్ ఉంటే చెప్పుకోవడానికి పనికొస్తుంది కదా? నా టైములు కూడా చెప్తా. జార్జియాలోని రోబ్లింగ్ రోడ్ ట్రాక్‌లో నా బెస్ట్ ల్యాప్ ఎక్స్‌పర్ట్ రేసులో మధ్యలో నిలుస్తుంది, కానీ రేసు చివరికొచ్చేసరికి రెండు సెకన్లు పడిపోతున్నా.

పల్నాడు_రైడర్:
నాన్నగారికి ట్రోఫీ కాదు, క్షేమంగా ఉన్నావన్న ఫోన్ కావాలి, అది నీకూ తెలుసు. ట్విన్స్ కప్ గ్రిడ్‌లో చాలామంది క్లబ్బుల్లో ఎక్స్‌పర్ట్‌లుగా గట్టిపడి వచ్చినవాళ్ళే. అక్కడ నిన్ను అడిగేది వాళ్ళతో ఎంత దగ్గరగా తిరిగావని, పసుపు ప్లేటుతో ఏం గెలిచావని కాదు.

అసలు సంగతి నువ్వే చెప్పేశావు, ఆ రెండు సెకన్లు. బెస్ట్ ల్యాప్ పక్కన పెట్టు. ట్రాన్స్‌పాండర్ (బైక్ మీద ఉండి ల్యాప్ టైమ్ కొలిచే పరికరం) టైములన్నీ రిజల్ట్ షీట్‌లో ఉంటాయి, నీ రేసు మొత్తం సమయాన్ని అదే రోజు ఎక్స్‌పర్ట్‌ల మొత్తం సమయంతో పోల్చు. అది మధ్య వరసలో పడి, చివరి మూడు ల్యాపులు మొదటి మూడింటికి ఒక సెకను లోపు ఉంటే వెంటనే కాగితం పెట్టు, టైటిల్ కోసం ఆగకు. పడకపోతే ముందు ఆ రెండు సెకన్లు ఎక్కడ పోతున్నాయో వెతుకు. చేతులు అలిసిపోతున్నాయా, టైరు జారుతుంటే భయపడుతున్నావా? మనిషిని బట్టి ఉంటుంది.

జెండా_అక్క:
ఈ కొలత నాకు నచ్చింది, అయినా మూడో మనిషి కన్ను కావాలన్న మాట మీదే నేను ఉన్నాను. తమ్ముడూ, ఏ వారాంతమైనా మధ్యాహ్నం విరామంలో మా దగ్గరికి వచ్చి "నా లైన్ ఎలా ఉంది" అని అడుగు, మొహమాటం లేకుండా చెప్తాం. ఒకటి మాత్రం మర్చిపోకు, మారితే మొదటి ఎక్స్‌పర్ట్ రేసు డేటోనాలో పెట్టుకోకు. 31 డిగ్రీల బ్యాంకింగ్ (పక్కకి వాలుగా ఉన్న ట్రాక్) మీద, ఒకరి గాలి చాటున ఒకరు ఐదారుగురు వరసగా వచ్చే గుంపులో ఎలా ఉండాలో అక్కడికెళ్ళి నేర్చుకునేది కాదు. రోబ్లింగ్‌లోనో బార్బర్‌లోనో మొదలుపెట్టు.